సెయింట్ ఆండ్రూస్: గోల్ఫ్‌కు పుట్టినిల్లయిన ఊరుమ్మడి బయలు

గోల్ఫ్ అనగానే మన పల్లెవాసుల కళ్ల ముందు మెదిలేది సంపన్నుల వినోదం. ఎత్తయిన ప్రహరీ, ద్వారం దగ్గర కావలివాడు, ఊరి బోర్లు ఎండిపోయిన వేసవిలోనూ వాడని పచ్చిక. ఈ భావన చాలావరకు నిజమే. అయితే ఈ ఆటకు పుట్టినిల్లుగా లోకం గౌరవించే మైదానానికి మాత్రం చుట్టూ ప్రహరీ లేదు. దాని నడుమగుండా ఊరి బాట ఒకటి పోతుంది. ఆదివారం నాడు అక్కడ సాధారణంగా ఆట ఉండదు. పట్టణ ప్రజలు పిల్లలతో, పెంపుడు కుక్కలతో ఆ పచ్చికపై నడుస్తారు. స్కాట్లాండ్ తూర్పు తీరాన ఫైఫ్ ప్రాంతంలో ఉన్న సెయింట్ ఆండ్రూస్ పట్టణపు పాత మైదానం అది. ఓల్డ్ కోర్స్ అన్న పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

ఆ నేల ఊరుమ్మడి సొత్తు. ఇటువంటి భూమి మన సరిహద్దు గ్రామాలకు కొత్త కాదు. కర్ణాటకలో గోమాళమని, మహారాష్ట్రలో గైరాన్ అని, తమిళనాట మేయ్చల్ పోరంబోకని, ఒడిశాలో గోచరమని, తెలుగునాట పశువుల బీడని పిలిచే నేల వంటిదే అది. పశువులు మేసేదీ, పిల్లలు ఆడుకొనేదీ అక్కడే. ఎవరిదీ కాదన్న సాకుతో ఎవరో ఒకరు ఆక్రమించేదీ అటువంటి నేలనే. సెయింట్ ఆండ్రూస్ బయలుకు కూడా ఆ గండం వచ్చింది. అది ఎలా గట్టెక్కిందో, ఆ ఉమ్మడి జీవితపు గుర్తులు మైదానపు అమరికలో నేటికీ ఎలా కనిపిస్తాయో తెలుసుకోవడం ఆసక్తికరం.

ఆట సంగతి క్లుప్తంగా

గోల్ఫ్ సూత్రం సులభమైనదే. గట్టి చిన్న బంతిని కర్రతో కొడుతూ దూరాన నేలలో చేసిన గుంటలో వేయాలి. గుంట వ్యాసం 10.8 సెంటీమీటర్లు. ఆ గుంటను, దానిని చేరే మార్గాన్ని కలిపి హోల్ అంటారు. తొలి దెబ్బ కొట్టే స్థలం టీ. నడుమ కత్తిరించిన గడ్డి మార్గం ఫెయిర్‌వే. గుంట చుట్టూ నున్నగా పెంచిన పచ్చిక గ్రీన్. దారిలో అడ్డంకులుగా ఇసుకతో నిండిన గోతులు ఉంటాయి. వాటిని బంకర్లు అంటారు. పూర్తి మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. అన్నింటినీ తక్కువ దెబ్బలలో ముగించినవాడు విజేత. నేర్పరి ఆటగాడు ఒక హోల్‌ను ఎన్ని దెబ్బలలో ముగించగలడో ఆ సంఖ్యను పార్ అంటారు. ఓల్డ్ కోర్స్ మొత్తం పార్ 72.

ఇసుక నేల, గొర్రెల పచ్చిక

సెయింట్ ఆండ్రూస్ ఒకప్పుడు స్కాట్లాండ్‌కు మతరాజధాని. అక్కడి విశ్వవిద్యాలయం 15వ శతాబ్ది తొలినాళ్లలో వెలసింది. ఈ ఊరికి, మన దక్షిణాదికి ఒక పాత బంధం కూడా ఉంది. 1753లో అక్కడ జన్మించిన ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. మన వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఆ విధానం మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లాండ్ చేరింది. ఆయన విడిచిన ధనంతో 1833లో సెయింట్ ఆండ్రూస్‌లో ప్రారంభమైన పాఠశాల పేరు నేటికీ మద్రాస్ కాలేజీయే.

పట్టణానికి వాయవ్యంగా, సముద్రానికి, సాగుభూములకు నడుమ ఇసుక దిబ్బల నేల విస్తరించి ఉంది. ఇటువంటి నేలను స్కాట్లాండ్‌లో లింక్స్ అంటారు. సముద్రం వెనుకకు జరిగినప్పుడు మిగిలిన ఇసుకను గాలి దిబ్బలుగా పేర్చగా ఏర్పడినది అది. దున్నినా పంట పండదు. అయితే వానకు నీరు నిలవదు. పొట్టిగా, దట్టంగా అల్లుకొనే సన్నని గడ్డి చక్కగా పెరుగుతుంది. దానిని గొర్రెలు, కుందేళ్లు నిరంతరం కొరుకుతూ నున్నగా ఉంచాయి. ఎముకలు కొరికే సముద్రపు గాలికి గొర్రెలు పల్లాలలో ఒదిగి పడుకొనేవి. అక్కడ గడ్డి చెదరి ఇసుక బయటపడేది. నేటి బంకర్లలో చాలావాటికి మూలం అదేనని చెబుతారు. అందుకే ఈ మైదానానికి రూపశిల్పి ఫలానావాడని ఒక్క పేరు చెప్పలేము. గాలి, గడ్డి, గొర్రె, కాపరి, వీటి వెనుక వచ్చిన ఆటగాడు, అందరూ కలిసి చేసిన పని అది.

ఆ బయలులో ఆట ఒక్కటే సాగలేదు. పశువులు మేసేవి. స్త్రీలు స్విల్కన్ వాగులో బట్టలు ఉతికి పచ్చికపై ఆరవేసేవారు. 19వ శతాబ్ది మధ్యకాలపు ఆట నియమాలలో ఒకటి ఈ సంగతికి సాక్ష్యం. బంతి ఆరవేసిన బట్టలపై పడితే బట్టలను బంతి కిందనుంచి మెల్లగా లాగివేయవచ్చు. ఉతుకు తొట్టి అడ్డమైతే దానిని జరపవచ్చు. ఉతికేవారిని అక్కడినుంచి పొమ్మనే నియమం మాత్రం లేదు.

రాజాజ్ఞ, మతాధిపతి పత్రం

స్కాట్లాండ్‌లో గోల్ఫ్‌ను గురించిన తొలి లిఖిత ప్రస్తావన ఒక నిషేధం. 1457లో రెండవ జేమ్స్ రాజు కాలపు పార్లమెంటు గోల్ఫ్‌ను, ఫుట్‌బాల్‌ను నిషేధించింది. యువకులు ఇంగ్లాండ్‌తో యుద్ధానికి అవసరమైన విలువిద్యాభ్యాసం మాని ఆటలలో మునిగిపోతున్నారన్నది కారణం. 1471లో, 1491లో మళ్లీ నిషేధించవలసి వచ్చిందంటే ప్రజలు ఆ ఆజ్ఞను ఎంతమాత్రం పాటించారో ఊహించవచ్చు. 1502లో ఇంగ్లాండ్‌తో సంధి కుదిరింది. అదే ఏడాది నాలుగవ జేమ్స్ రాజు స్వయంగా పెర్త్ పట్టణంలోని విల్లులు చేసే పనివాని వద్ద గోల్ఫ్ కర్రలు కొన్నాడు.

సెయింట్ ఆండ్రూస్ ప్రజలకు ఇంతకంటె ముఖ్యమైనది 1552 నాటి పత్రం. అప్పటి ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్‌కు లింక్స్ నేలలో కుందేళ్లు పెంచుకోవాలన్న కోరిక ఉండేది. అందుకు పట్టణవాసుల సమ్మతి కావలసి వచ్చింది. కుందేళ్లను పెంచుకొనే హక్కు ఆయనకు దక్కింది. ఆ నేలపై గోల్ఫ్, ఫుట్‌బాల్, విలువిద్య, తదితర వినోదాలు సాగించుకొనే హక్కు పట్టణ ప్రజలదని ఆయన అదే పత్రంలో అంగీకరించాడు. తరతరాలుగా వాడుకలో ఉన్న హక్కు అలా కాగితం మీదికి ఎక్కింది. దానివల్ల కలిగిన ప్రయోజనం రెండున్నర శతాబ్దాల తరువాత తెలియవచ్చింది.

కుందేళ్ల పోరు

18వ శతాబ్ది ముగిసేనాటికి పట్టణం క్షీణించింది. 1797లో అప్పుల పాలైన పురపాలక మండలి లింక్స్ నేలను అమ్మివేసింది. 1799లో అది డెంప్‌స్టర్ అనే వర్తక కుటుంబం చేతికి వచ్చింది. వారు మాంసం కోసం, తోళ్ల కోసం కుందేళ్లను పెద్ద ఎత్తున పెంచసాగారు. కుందేళ్లు పచ్చికను తవ్వి బొరియలతో నింపాయి. బంతి దొర్లవలసిన నేల గుంతలమయమైంది.

ఆటగాళ్లు, పట్టణవాసులు ఒక్కటై న్యాయస్థానానికి వెళ్లారు. బయలులో కూడా పోరు సాగింది. ఊరివారు కుందేళ్లను చంపడం, యజమాని మనుషులు అడ్డుకోవడం మామూలైపోయింది. ఈ వివాదం సుమారు 20 ఏళ్లు నడిచింది. చరిత్రలో దీనికి కుందేళ్ల పోరు అన్న పేరే స్థిరపడింది. చివరకు 1821లో పొరుగున ఉన్న స్ట్రాత్‌టైరమ్ భూస్వామి జేమ్స్ చీప్ ఆ నేలను కొని ఆటకు నిలిపాడు. స్వయంగా గోల్ఫ్ ఆటగాడైన ఆయన ఇంటిపేరు 2వ హోల్ దగ్గరి బంకర్‌కు నేటికీ నిలిచి ఉంది.

అయినా భూస్వామి దయపై ఆధారపడిన హక్కు స్థిరమైనది కాదు కదా. నేల మళ్లీ చేతులు మారే సమయానికి పట్టణం మేలుకొన్నది. 1894లో పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో లింక్స్ తిరిగి పట్టణం స్వాధీనమైంది. తమ పెద్దలు అప్పు కోసం పోగొట్టిన నేలను దాదాపు వందేళ్లకు పట్టణం తిరిగి దక్కించుకొన్నది. 1975లో స్థానిక పాలన పునర్వ్యవస్థీకరణలో ఆ పురపాలక మండలి రద్దు కావలసి వచ్చినప్పుడు కూడా ప్రజలు ఏమరలేదు. మండలి పోకముందే, 1974లో, మరొక చట్టం ద్వారా ఆ నేలను ప్రజల కోసం నిర్వహించే ట్రస్టు ఏర్పడింది. పరిపాలన మారినా నేల హక్కు మారకుండా అది కాపాడింది.

18 అన్న లెక్క ఎక్కడిది?

నేడు ప్రపంచంలో ఎక్కడైనా పూర్తి మైదానమంటే 18 హోల్స్. ఈ సంఖ్యకు శాస్త్రమేదీ లేదు. సెయింట్ ఆండ్రూస్ నేల ఆకారమే దానికి కారణం. అక్కడి బయలు కాపరి చేతికర్రలాగా పొడవుగా సాగి, చివర వంపు తిరిగి ఉంటుంది. అందువల్ల ఆటగాళ్లు ఊరి దగ్గర ప్రారంభించి నదీముఖం వరకు వరుసగా 11 హోల్స్ ఆడి, అవే గుంటలకు తిరుగుముఖంగా ఆడుతూ ఇంటిదారి పట్టేవారు. వెళ్లేటప్పుడు 11, వచ్చేటప్పుడు 11, మొత్తం 22.

1754లో 22 మంది ప్రభువులు, పెద్దమనుషులు కలిసి ఇక్కడ గోల్ఫ్ సంఘం స్థాపించారు. 1834లో నాలుగవ విలియం రాజు అనుమతితో అదే రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ అయింది. ఈ సంఘం 1764లో తొలి 4 హోల్స్ మరీ పొట్టిగా ఉన్నాయని భావించి వాటిని 2గా కలిపింది. వెళ్లే దారిలో 2, వచ్చే దారిలో 2 తగ్గాయి. 22 కాస్తా 18 అయింది. ఆట నియమాలకు ఈ క్లబ్ ప్రమాణంగా ఎదిగిన కొద్దీ తక్కిన మైదానాలు కూడా ఆ సంఖ్యనే అనుసరించాయి. ఆట అప్పటికే ఓడలెక్కి దూరదేశాలు చేరుతున్నది. బ్రిటన్ దీవుల వెలుపల తొలి గోల్ఫ్ క్లబ్ 1829లో కలకత్తాలో ఏర్పడింది. 1876లో బెంగళూరులో క్లబ్ వెలసింది.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. క్లబ్ వేరు, మైదానం వేరు. రాజమర్యాద పొందిన ఆ క్లబ్ భవనం తొలి టీ వెనుకనే గంభీరంగా నిలిచి ఉన్నా, మైదానం దాని సొత్తు కాదు. క్లబ్ సభ్యులు కూడా ఊరి నేలపైనే ఆడాలి.

బంతి మారింది, బాట వెడల్పయింది

1848 వరకు గోల్ఫ్ బంతి ఈకల బంతి. తోలు సంచిలో ఉడికించిన పక్షి ఈకలను గట్టిగా కూరి కుట్టేవారు. చేయి తిరిగిన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగు బంతులకు మించి చేయలేడు. తడిస్తే పాడయ్యేది. అందుకే వెల ఎక్కువ. 1848 ప్రాంతాన మలయా అడవులలోని చెట్టు పాలతో చేసిన గట్టాపర్చా బంతి వచ్చింది. వేడినీటిలో మెత్తబరచి అచ్చులో వేస్తే చాలు. చవకగా దొరికింది, ఎక్కువ కాలం మన్నింది. సామాన్యులు కూడా ఆటలో దిగారు.

ఈకల బంతుల తయారీలో మేటి, ఆనాటి అగ్రశ్రేణి ఆటగాడు ఆలన్ రాబర్ట్‌సన్‌కు ఈ కొత్త బంతి గిట్టలేదు. తన వృత్తికి చేటని భావించాడు. ఆయన దగ్గర పనిచేస్తున్న టామ్ మోరిస్ కొత్త బంతితో ఆడాడన్న కారణంగానే ఇద్దరూ విడిపోయారు. కాలం ఆగలేదు. కొన్నాళ్లకు రాబర్ట్‌సన్ కూడా దారి మార్చుకొని, 1858లో ఓల్డ్ కోర్స్‌ను 79 దెబ్బలలో ముగించి, అక్కడ 80 లోపు ఆడిన తొలి వ్యక్తిగా పేరు పొందాడు.

జనం పెరగడంతో చిక్కు వచ్చింది. వెళ్లేవారు, వచ్చేవారు ఒకే సన్నని బాటలో, ఒకే గుంటకు ఎదురుపడసాగారు. బాటకు ఇరువైపులా ఉన్న ముళ్లపొదలను నరికి మార్గాన్ని వెడల్పు చేశారు. గ్రీన్లను పెద్దవి చేసి ఒక్కొక్కదానిలో రెండు గుంటలు తవ్వారు. నేడు చూసేవారిని ఆశ్చర్యపరిచే జంట గ్రీన్లు అలా పుట్టాయి.

ఈ మార్పులను తీర్చిదిద్దినవాడు ఓల్డ్ టామ్ అని లోకం పిలిచే ఆ టామ్ మోరిసే. 1821లో ఇదే పట్టణంలో నేతపనివాని ఇంట పుట్టాడు. పశ్చిమ తీరాన ప్రెస్ట్‌విక్ మైదానానికి సంరక్షకుడిగా వెళ్లి, 1860ల మధ్యలో తిరిగి వచ్చి 1903 వరకు పుట్టిన ఊరి మైదానాన్ని కాపాడాడు. 18వ గ్రీన్‌ను, విడిగా 1వ గ్రీన్‌ను నిర్మించాడు. గ్రీన్లపై ఇసుక చల్లితే గడ్డి దట్టంగా వస్తుందని గ్రహించి ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆదివారం మైదానానికి విశ్రాంతి ఉండాలని పట్టుబట్టాడు. ఓపెన్ ఛాంపియన్‌షిప్‌ను 4 పర్యాయాలు గెలిచాడు. కుమారుడు యంగ్ టామ్ కూడా 4 పర్యాయాలు గెలిచి, 24 ఏళ్ల ప్రాయంలో, 1875లో మరణించాడు. తండ్రి 1908 వరకు జీవించాడు.

మైదానపు అమరిక

ఛాంపియన్‌షిప్ ఆడేటప్పుడు మైదానం నిడివి 7,300 గజాలు దాటుతుంది, అంటే 6.7 కిలోమీటర్ల వరకు ఉంటుంది. 18 హోల్స్‌కు గ్రీన్లు 11 మాత్రమే. 1, 9, 17, 18 హోల్స్‌కు సొంత గ్రీన్లు ఉన్నాయి. మిగిలిన 14 హోల్స్‌కు 7 జంట గ్రీన్లు. వీటిలో ఒక చిన్న లెక్క దాగి ఉంది. 2వ హోల్‌కు 16వది జత. 3కు 15, 4కు 14, 5కు 13, 6కు 12, 7కు 11, 8కి 10. ఏ జతను కూడినా 18 వస్తుంది. వెళ్లే హోల్‌కు తెల్ల జెండా, వచ్చే హోల్‌కు ఎర్ర జెండా ఉంటుంది. చివరిదైన 18వ హోల్‌కు మాత్రం మళ్లీ తెల్లనిదే. 5, 13 హోల్స్ పంచుకొనే గ్రీన్ ఒక్కటే ముప్పాతిక ఎకరానికి మించి ఉంటుంది.

ఆట నేడు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో సాగుతుంది. ఒకప్పుడు సవ్య దిశలో ఆడేవారు. కొంతకాలం వారం మార్చి వారం రెండు దిశలూ పాటించారు. అందుకే కొన్ని బంకర్లు నేటి ఆటగాడికి అర్థంలేని చోట, కంటికి కనబడకుండా ఉంటాయి. అవి ఎదురు దిశనుంచి వచ్చేవారి కోసం ఏర్పడినవి. మొత్తం బంకర్లు 112.

1వ హోల్, 18వ హోల్ పక్కపక్కనే ఒకే విశాలమైన పచ్చికపై ఉన్నాయి. ఆ పచ్చిక వెడల్పు సుమారు 118 మీటర్లు. దానిపై ఒక్క బంకర్ కూడా లేదు. దానికి అడ్డంగా గ్రానీ క్లార్క్స్ విండ్ అనే బాట సముద్రం వైపు సాగుతుంది. దాటేవారు దాటిపోయేదాకా ఆటగాడు ఆగవలసిందే. 1వ గ్రీన్‌కు ముందే స్విల్కన్ వాగు అడ్డుతగులుతుంది. సులభంగా కనిపించే తొలి హోల్‌లో నిపుణులు కూడా బంతిని నీటిపాలు చేసుకొనేది అక్కడే.

అక్కడినుంచి ఆటగాళ్లు ఈడెన్ నదీముఖం వైపు నడుస్తారు. 4వ హోల్ పేరు జింజర్ బీర్. 19వ శతాబ్దిలో అక్కడ ఒక వృద్ధుడు బండిపై అల్లం పానీయం అమ్మేవాడు. 7 నుంచి 11 వరకు కర్ర వంపు వంటి భాగం. ఇక్కడ 7వ మార్గం, 11వ మార్గం ఒకదానినొకటి అడ్డంగా దాటుతాయి. మైదానమంతటిలో పార్ 3 హోల్స్ రెండే. అవి 8, 11. వీటిలో 11వది చిన్నదే అయినా గ్రీన్ ముందున్న స్ట్రాత్ బంకర్ వల్ల, నదిమీదుగా వచ్చే గాలివల్ల ఎందరినో ఏడిపించింది.

తిరుగు ప్రయాణంలో 13వ హోల్ దారిలోని బంకర్లకు శవపేటికలని పేరు. పార్ 5 హోల్స్ కూడా రెండే, 5వది, 14వది. 14వ హోల్ సుమారు 560 మీటర్లు. దాని నడుమ ఉన్నది నరకం అని పేరుపొందిన హెల్ బంకర్. మనిషిని మించిన లోతు. 1995లో జాక్ నిక్లాస్ వంటి మహా ఆటగాడు అందులో చిక్కుకొని ఆ హోల్‌కు 10 దెబ్బలు తీసుకొన్నాడు. 16వ హోల్ బంకర్ల గుంపును ప్రిన్సిపాల్ ముక్కు అంటారు.

అన్నింటికంటె భయపెట్టేది 17వది, రోడ్ హోల్. పార్ 4 అయినా నిడివి సుమారు 450 మీటర్లు. ఒకప్పటి రైల్వే గోదాముల ఆకారంలో నిర్మించిన కప్పులమీదుగా, లక్ష్యం కనబడకుండానే తొలి దెబ్బ కొట్టాలి. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా ఉంటుంది. దానికి ముందు లోతైన ఇసుక గొయ్యి, వెనుక పాత రోడ్డు, రాతి గోడ. బంతి రోడ్డు మీద పడితే తీసి పచ్చికపై పెట్టుకొనే వీలు లేదు, పడినచోటనుంచే కొట్టాలి. 1978లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్‌పైకి చేరిన తన బంతిని తట్టగా అది దొర్లి ఆ గోతిలో పడింది. బయటకు తీయడానికి 4 దెబ్బలు పట్టాయి. ఆ హోల్ 9 దెబ్బలతో ముగిసింది.

చివరి హోల్‌కు వెళ్లాలంటే స్విల్కన్ వంతెన దాటాలి. గొర్రెలను, పశువులను వాగు దాటించడానికి ఏడు వందల ఏళ్ల కిందట కాపరుల కోసం కట్టినదని చెప్పే చిన్న రాతి వంతెన అది. 18వ గ్రీన్ ముందు పాపాల లోయ అనే పల్లం ఉంది. తక్కువ బలంతో కొట్టిన బంతి వెనుకకు దొర్లి అందులో చేరుతుంది. గ్రీన్‌కు పక్కనే వీధి, ఇళ్లు, అంగళ్లు. ఛాంపియన్‌షిప్ ముగిసేది ఊరి గడపలోనే.

పెద్ద పోటీలు

ఓపెన్ ఛాంపియన్‌షిప్ 1860లో ప్రెస్ట్‌విక్‌లో మొదలైంది. సెయింట్ ఆండ్రూస్‌కు 1873లో తొలిసారి వచ్చింది. ఆ ఊరివాడే అయిన టామ్ కిడ్ గెలిచాడు. 2022 వరకు ఇక్కడ 30 పర్యాయాలు జరిగింది. మరే మైదానంలోనూ ఇన్నిసార్లు జరగలేదు.

1921లో యువకుడైన అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ 11వ హోల్ దగ్గర విసిగి పోటీనుంచి వైదొలగాడు. ఆనాడు ఈ మైదానాన్ని ద్వేషించిన ఆయనే 1927లో ఇక్కడ ఓపెన్, 1930లో అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచి దానిని ప్రాణప్రదంగా ప్రేమించాడు. 1958లో పట్టణం ఆయనకు పౌరసత్వ గౌరవమిచ్చింది. అమెరికన్లలో ఆయనకు ముందు 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు మాత్రమే దక్కిన గౌరవం అది. నేడు 10వ హోల్ పేరు బాబీ జోన్స్.

1970లో డగ్ శాండర్స్ మూడడుగులకు మించని చివరి దెబ్బను తప్పి, మరునాటి అదనపు ఆటలో నిక్లాస్ చేతిలో ఓడాడు. 1995లో ఇటలీ ఆటగాడు కాన్‌స్టాంటినో రోకా పాపాల లోయనుంచి కొట్టిన బంతి నేరుగా గుంటలో పడింది. కాని అదనపు ఆటలో ఆయనను రోడ్ బంకర్ ముంచింది, జాన్ డేలీ గెలిచాడు. 2000లో టైగర్ వుడ్స్ 4 రోజులలో 112 బంకర్లలో ఒక్కదానిలోనూ బంతి వేయకుండా 8 దెబ్బల తేడాతో గెలిచాడు. 2022లో జరిగిన 150వ ఓపెన్ ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ స్మిత్‌కు దక్కింది.

అందరిదీ అన్న మాట స్త్రీలకు ఆలస్యంగా వర్తించింది. భుజం పైకి కర్ర ఎత్తడం స్త్రీలకు తగదని భావించిన కాలంలో, 1867లో, వారి కోసం మైదానం పక్కన ఎగుడుదిగుడు పచ్చికపై బంతిని మెల్లగా దొర్లించే చిన్న ఆటస్థలం ఏర్పడింది. దాని దిబ్బలను చూసి పెట్టిన పేరు మన హిమాలయాలదే. ఓల్డ్ కోర్స్‌పై స్త్రీల ఓపెన్ తొలిసారి 2007లో జరిగింది. మెక్సికోకు చెందిన లొరేనా ఓచోవా విజేత. రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి 2014లో గాని అంగీకరించలేదు.

నేడు ఎవరు ఆడగలరు?

1913 వరకు ఇక్కడ ఎవరికీ రుసుము లేదు. ఆ ఏడాది బయటివారికి మొదలైంది. పట్టణవాసులు 1946 వరకు ఉచితంగానే ఆడారు. నేడు బయటివారు చెల్లించే రుసుము భారీగానే ఉంటుంది. స్థానికులు తక్కువ మొత్తానికి ఏడాది టికెట్టు పొందుతారు. బయటివారి కోసం ప్రతిదినం లాటరీ తీస్తారు; పేరు వస్తే గుమాస్తా అయినా, లక్షాధికారి అయినా ఆడవచ్చు. వచ్చిన ఆదాయం ట్రస్టు ద్వారా ఆ నేల నిర్వహణకే వినియోగమవుతుంది. 1895లో కొత్త మైదానం ఏర్పడినప్పుడే మొదటిదానికి పాతది అన్న పేరు వచ్చింది. నేడు ట్రస్టు నిర్వహణలో మొత్తం 7 మైదానాలు ఉన్నాయి.

నేలపై ఊరి పట్టు ఎంతటిదో 2023 ఫిబ్రవరిలో వెల్లడైంది. సందర్శకుల తొక్కిడికి స్విల్కన్ వంతెన మొదట గడ్డి చెదిరిపోతున్నదని ట్రస్టు అక్కడ గుండ్రంగా రాళ్లు పరిచింది. వంతెన రూపు చెడిందని పట్టణంలోనూ, దేశ విదేశాలలోనూ నిరసన చెలరేగింది. కొద్ది రోజులలోనే రాళ్లు తొలగించి మళ్లీ పచ్చిక పరిచారు.

హామిల్టన్ పత్రం, 1894, 1974 నాటి చట్టాలు, ఈ మూడింటి సారం ఒక్కటే. ఉమ్మడి నేలకు హక్కుదారులెవరో రాతలో ఉండాలి. ఆ రాతను ప్రతి తరం చదివి, అవసరమైనప్పుడు ఎత్తి చూపాలి. పట్టణ పెద్దలే అమ్మివేసిన నేలను సెయింట్ ఆండ్రూస్ ప్రజలు తిరిగి దక్కించుకొన్నది ఆ బలంతోనే. సోమవారం లాటరీలో పేరు వచ్చినవారు ఆడే 18వ గ్రీన్ పక్కన, ఆదివారం ఎవరైనా పైసా చెల్లించకుండా నడవవచ్చు.